పెళుసు ఎముకల వ్యాధిలో లేచే గడ్డ: అతుకు ఎముకా, క్యాన్సరా?

పెళుసు ఎముకల వ్యాధి ఉన్న బిడ్డకు తొడ మీద హఠాత్తుగా గట్టి వాపు లేచి, కొద్ది వారాలలోనే పెరిగి పెద్దదైతే ఇంటిల్లిపాదికీ ముందుగా కలిగే భయం క్యాన్సర్. ఎక్స్‌రే చూసిన వైద్యునికి సైతం ఆ అనుమానం కలగడం సహజమే. అయితే ఈ వ్యాధిలోని ఒక ప్రత్యేక రకంలో, విరిగిన ఎముకను అతికించడానికి శరీరం పోసే కొత్త ఎముకే హద్దు మీరి పెరిగి, అచ్చం క్యాన్సర్ గడ్డవలె కనిపిస్తుంది. అది ప్రాణాంతకం కాదు. ఒక దశ వరకు పెరిగి, తనంతట తాను ఆగిపోతుంది.

ఈ రెంటికీ గల తేడా తెలియక, క్యాన్సర్ కాని గడ్డకు క్యాన్సర్ అని పేరు పెట్టి కాలు తొలగించిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. మరోవైపు, చాలా అరుదుగానైనా, ఈ వ్యాధి ఉన్నవారికి నిజమైన ఎముక క్యాన్సర్ వచ్చిన ఉదంతాలూ ఉన్నాయి. కనుక తొందరపాటు, నిర్లక్ష్యం రెండూ ప్రమాదకరమే. ఏ పరీక్షను ఏ వరుసలో చేయించాలి, వైద్యునికి ఏ సంగతి తప్పక చెప్పాలి అన్నది తెలిసి ఉంటే ఈ రెండు ప్రమాదాలనూ తప్పించుకునే అవకాశం ఎక్కువ.

పెళుసు ఎముకల వ్యాధి అంటే ఏమిటి?

వైద్య పరిభాషలో దీనిని ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా అంటారు. క్లుప్తంగా ఓ.ఐ. అని వ్యవహరిస్తారు. సుమారు 15,000 నుంచి 20,000 జననాలలో ఒకరికి వచ్చే జన్యు వ్యాధి ఇది. ఎముకకు గట్టిదనాన్ని సున్నపు లవణాలు ఇస్తే, విరగకుండా పట్టి ఉంచే గుణాన్ని కొలాజెన్ అనే మాంసకృత్తు ఇస్తుంది. సిమెంటు కాంక్రీటులో ఇనుప చువ్వలు చేసే పని ఎముకలో కొలాజెన్ చేస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో అత్యధికులకు మొదటి రకం కొలాజెన్‌ను తయారు చేసే రెండు జన్యువులలో ఏదో ఒకదానిలో లోపం ఉంటుంది. అందువల్ల చిన్న దెబ్బకు, ఒక్కోసారి దెబ్బే లేకుండా ఎముకలు విరుగుతాయి. కొందరిలో కనుగుడ్డులోని తెల్లభాగం నీలి ఛాయలో ఉంటుంది. కొందరికి పళ్లు పెళుసుగా, రంగు మారి ఉంటాయి. కొందరికి యౌవనం నుంచి వినికిడి తగ్గుతుంది.

ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ సిలెన్స్, ఆయన సహచరులు 1979లో ఈ వ్యాధిని నాలుగు రకాలుగా విభజించారు. ఆ నాలుగింటిలో ఇమడని మరొక రకం ఉన్నదని కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఫ్రాన్సిస్ గ్లోరియూ బృందం 2000లో ప్రకటించింది. అదే అయిదవ రకం. ఈ వ్యాసంలో చెప్పే గడ్డలు ముఖ్యంగా ఈ అయిదవ రకానికి చెందినవారిలోనే వస్తాయి.

అతుకు ఎముక ఎందుకు హద్దు మీరుతుంది?

ఎవరికి ఎముక విరిగినా అక్కడ ముందుగా రక్తం గడ్డకడుతుంది. దాని స్థానంలో మెత్తని మృదులాస్థి వంటి పదార్థం ఏర్పడుతుంది. తరువాత అది గట్టి ఎముకగా మారుతుంది. దీనినే కాలస్ అంటారు. విరిగిన చోట కొన్నాళ్లు చేతికి తగిలే బొడిపె ఇదే. అతుకు కుదిరాక అదనంగా ఉన్న ఎముకను శరీరం క్రమంగా కరిగించుకొని, ఎముకను పూర్వపు ఆకారానికి తెస్తుంది.

అయిదవ రకంలో ఆ పని ఆగవలసిన చోట ఆగదు. గోడ పగులు పూడ్చడానికి వచ్చిన తాపీమేస్త్రి, పగులు మూసుకున్న తరువాత కూడా సున్నం మెత్తుతూనే ఉన్నట్లు, అతుకు చుట్టూ కొత్త ఎముక పేరుకుపోతూనే ఉంటుంది. దీనిని హైపర్‌ప్లాస్టిక్ కాలస్ అంటారు. తెలుగులో అతివృద్ధి కాలస్ అనవచ్చు. ఇది తొడ ఎముకకు ఎక్కువగా వస్తుంది. ఇతర ఎముకలకూ రావచ్చు. ఎముక విరిగిన తరువాత గాని, ఎముకలో ఊచ వేసే శస్త్రచికిత్స తరువాత గాని మొదలవుతుంది. కొన్నిసార్లు ఏ దెబ్బా తగిలిన జ్ఞాపకం లేకుండానే మొదలవుతుంది. అయిదవ రకం ఉన్న ప్రతివారికీ ఇది రాదు. అయినా సుమారు సగం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీనిని ఎదుర్కొంటారు. బాల్యంలోను, కౌమారంలోను ఎక్కువ.

దీనికి మూలమైన జన్యు లోపాన్ని 2012లో జర్మనీ, కొరియా దేశాల పరిశోధకులు వేర్వేరుగా కనుగొన్నారు. ఐఎఫ్ఐటీఎం5 అనే జన్యువు ఆరంభంలో ఒకే ఒక్క అక్షరం మారడమే ఆ లోపం. ఆ మార్పు వల్ల ఎముకను కట్టే కణాలలోని ఒక మాంసకృత్తుకు మొదట్లో అయిదు అమైనో ఆమ్లాలు అదనంగా చేరతాయి. ప్రపంచంలో ఎక్కడ చూసినా అయిదవ రకం ఉన్నవారిలో దాదాపు అందరికీ ఇదే మార్పు కనిపిస్తుంది. కొలాజెన్ జన్యువులలో వందలాది లోపాలను వెదకవలసిన ఇతర రకాలతో పోలిస్తే, ఈ రకాన్ని రక్త పరీక్షతో నిర్ధారించడం చాలా తేలిక. రోగి కుటుంబానికి ఇది గొప్ప వెసులుబాటు.

అయిదవ రకాన్ని గుర్తించే ఆనవాళ్లు

గడ్డ అతుకు ఎముకా, క్యాన్సరా అన్న ప్రశ్నకు సగం జవాబు గడ్డలో కాక ముంజేతిలో దొరుకుతుంది. మోచేతికీ మణికట్టుకూ నడుమ రెండు ఎముకలు ఉంటాయి. వాటి మధ్య పలుచని పొర ఉంటుంది. అయిదవ రకం ఉన్నవారిలో చాలామందికి ఈ పొర క్రమంగా ఎముకగా మారుతుంది. దానితో రెండు ఎముకలూ ఒకదానికొకటి బిగుసుకుపోయి ముంజేయి తిరగదు. గుడిలో తీర్థం పట్టడానికి అరచేయి వెల్లకిలా తిప్పలేకపోవడం, తిప్పాలంటే భుజాన్నీ ఒంటినీ వంచవలసి రావడం ఇంట్లోవారికి కనిపించే ఆనవాలు. మోచేతి దగ్గర ముంజేతి ఎముక తల పక్కకు తొలగి ఉండడం మరొక లక్షణం. వీరికి సాధారణంగా కళ్లలో నీలి ఛాయ ఉండదు, పళ్లు బాగానే ఉంటాయి.

కనుక తొడ మీద గడ్డతో వచ్చిన బిడ్డకు రెండు ముంజేతుల ఎక్స్‌రే తీయించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని, ఎంతో విలువైన పని. తాలూకా ఆసుపత్రిలోనైనా ఇది సాధ్యమే. అయితే పసిపిల్లలలో ఆ పొర ఇంకా గట్టిపడి ఉండకపోవచ్చు. అందువల్ల ముంజేయి ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన అయిదవ రకం కాదని తోసిపుచ్చరాదు. అటువంటప్పుడు జన్యు పరీక్షే శరణ్యం.

ఎముక క్యాన్సర్ స్వభావం

పిల్లలలోను, కౌమారంలోను వచ్చే ఎముక క్యాన్సర్లలో ప్రధానమైనది ఆస్టియోసార్కోమా. ఎముకలు వేగంగా ఎదిగే వయసులో, ముఖ్యంగా మోకాలికి ఇరువైపులా, అంటే తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర ఇది ఎక్కువగా పుడుతుంది. భుజం దగ్గర కూడా రావచ్చు. మొదట వచ్చి పోయే నొప్పిగా ఉండి, తరువాత వదలని నొప్పిగా మారుతుంది. రాత్రి నిద్ర పట్టనివ్వదు. గడ్డ ఆగకుండా పెరుగుతుంది. చికిత్స లేకపోతే ముందుగా ఊపిరితిత్తులకు పాకుతుంది.

ఈ క్యాన్సర్‌కు నేడు మంచి చికిత్స ఉంది. శస్త్రచికిత్సకు ముందు, తరువాత మందులు ఇచ్చి, చాలామందిలో కాలు తీసివేయకుండా గడ్డ ఉన్న ఎముకను మాత్రమే తొలగించి దాని స్థానంలో కృత్రిమ భాగాన్ని అమరుస్తారు. వ్యాధి ఒకే చోట ఉన్న దశలో చికిత్స పొందినవారిలో పదింట ఆరేడుగురు అయిదేళ్లకు మించి బతుకుతున్నారు. ఈ కారణంగానే అనుమానం ఉన్నప్పుడు నెలల తరబడి కాలయాపన చేయడం ఘోర తప్పిదం.

పెళుసు ఎముకల వ్యాధి ఉన్నవారిలో ఆస్టియోసార్కోమా వచ్చిన ఉదంతాలు ప్రపంచ వైద్య సాహిత్యంలోనే బహు కొద్ది. ఈ వ్యాధి ఉన్నంత మాత్రాన ఎముక క్యాన్సర్ ముప్పు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

రెండింటినీ పోల్చి చూస్తే

ఆరంభం: అతివృద్ధి కాలస్ తరచుగా ఎముక విరిగిన కొద్ది వారాలకు గాని, శస్త్రచికిత్స తరువాత గాని, ఉన్నట్టుండి మొదలవుతుంది. క్యాన్సర్ సాధారణంగా మెల్లగా, దెబ్బతో సంబంధం లేకుండా మొదలవుతుంది. అయితే పడ్డప్పుడు తీసిన ఎక్స్‌రేలో అప్పటికే ఉన్న క్యాన్సర్ బయటపడడమూ ఉంది.

పైకి కనిపించే తీరు: కాలస్ వచ్చిన చోట చర్మం ఎర్రబారి, వేడిగా, బిగుతుగా మెరుస్తూ ఉంటుంది. నొప్పి తీవ్రంగా ఉంటుంది. స్వల్ప జ్వరం రావచ్చు. క్యాన్సర్‌లోనూ వాపు, వేడి ఉండవచ్చు. కనుక చేతితో తాకి చూసి తేల్చడం కుదరదు.

కాలక్రమం: కాలస్ కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు పెరిగి ఆగుతుంది. నొప్పి, వేడి తగ్గుముఖం పడతాయి. గడ్డ గట్టిపడి, కొందరిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, కొందరిలో కొంత కుదించుకుపోతుంది. క్యాన్సర్ తనంతట తాను ఆగదు.

రక్త పరీక్షలు: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండింటిలోనూ పెరుగుతుంది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా కాలస్ పెరిగే దశలో పెరగవచ్చు. ఒక్క రక్త పరీక్ష చూపి క్యాన్సర్ అని గాని, కాదని గాని ఎవరూ తీర్పు చెప్పలేరు. గడ్డ ఆగినప్పుడు ఈ అంకెలు దిగిరావడం మాత్రం ధైర్యాన్నిచ్చే సూచన.

ఎక్స్‌రే: క్యాన్సర్ ఎముక గోడను తొలుచుకొని బయటికి వస్తుంది. ఎముకపై పొరను లేపి, సూర్యకిరణాలవలె నిట్టనిలువు గీతలను చూపవచ్చు. కాలస్ తొలి దశలో మబ్బు పట్టినట్లు అస్పష్టంగా ఉండి ఇదే భ్రమను కలిగిస్తుంది. వారాలు గడిచేకొద్దీ దాని అంచు స్పష్టమవుతుంది. లోపల అసలు ఎముక గోడ చాలావరకు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

సీటీ స్కాన్: ఈ తేడాను చక్కగా చూపే పరీక్ష ఇది. కాలస్ బయటి అంచు నుంచి లోపలికి గట్టిపడుతుంది. అందువల్ల గడ్డ చుట్టూ గుడ్డు పెంకువలె ఎముక వలయం కనిపిస్తుంది. క్యాన్సర్‌లో సాధారణంగా మధ్యభాగం గట్టిపడి, అంచు చెదిరి ఉంటుంది. ఎంఆర్ఐ గడ్డ ఎంతవరకు వ్యాపించిందో, నరాలు, రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూపుతుంది. కాని చుట్టూ ఉన్న వాపును రెండింటిలోనూ ఒకేలా చూపడం వల్ల ఎంఆర్ఐ ఒక్కటే చూసి నిర్ణయించడం మంచిది కాదు.

ఊపిరితిత్తులు: కాలస్ ఎక్కడికీ పాకదు. అనుమానం బలంగా ఉంటే ఛాతీ స్కాన్ చేస్తారు.

మూడవ అనుమానం: చీము

వేడి, ఎరుపు, జ్వరం కలిసి వచ్చినప్పుడు ఎముకకు చీము పట్టిందేమో అన్న సందేహం కూడా వస్తుంది. ముఖ్యంగా ఊచ వేసిన కాలికి ఇలా జరిగితే దానిని తేలికగా తీసుకోరాదు. ఎక్కువ జ్వరం, వణుకు, గాయం నుంచి రసి కారడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి చేరాలి.

ముక్క పరీక్ష విషయంలో జాగ్రత్త

క్యాన్సర్ అనుమానం వచ్చినప్పుడు గడ్డలోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడడం ఆనవాయితీ. సామాన్యంగా తుది తీర్పు అదే. కాని ఈ వ్యాధిలో ఆ తీర్పే తప్పుదారి పట్టించే వీలుంది. పెరుగుతున్న కాలస్‌లో కణాలు వేగంగా విభజన చెందుతూ ఉంటాయి. అపరిపక్వమైన ఎముక, మృదులాస్థి కలగాపులగంగా ఉంటాయి. రోగి చరిత్ర తెలియని నిపుణుని కంటికి అది ఆస్టియోసార్కోమా అనిపించవచ్చు. 1946లోనే బేకర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పెళుసు ఎముకల రోగులు ఇద్దరిలో క్యాన్సర్‌ను పోలిన కాలస్‌ను వివరించారు. అంటే ఈ పొరపాటుకు గల అవకాశం వైద్యలోకానికి ఎనభై ఏళ్లుగా తెలిసినదే. అరుదైన వ్యాధి కావడం వల్ల ప్రతి ఆసుపత్రిలోను అది గుర్తుకు రాకపోవచ్చు.

పైగా ముక్క తీయడం కూడా ఎముకకు ఒక గాయమే. ఆ గాయంతో కాలస్ మరింత రెచ్చిపోవచ్చు. కనుక అయిదవ రకం అని జన్యు పరీక్షలోనో ముంజేతి ఎక్స్‌రేలోనో తేలి, సీటీ స్కాన్‌లో గట్టి వలయం స్పష్టంగా ఉంటే, ముక్క తీయకుండా కొన్ని వారాల వ్యవధిలో మళ్లీ ఎక్స్‌రేలు తీసి గమనించే మార్గాన్ని నిపుణులు ఎంచుకోవచ్చు.

కింది పరిస్థితులలో మాత్రం ముక్క పరీక్షను వాయిదా వేయరాదు. రోగిది అయిదవ రకం కాదని తేలడం, ఎముక గోడ తొలిచినట్లు కనిపించడం, నెలలు గడిచినా గడ్డ ఆగకపోవడం, నొప్పి రాత్రివేళ అంతకంతకు పెరగడం, ఊపిరితిత్తులలో మచ్చలు కనిపించడం. ఆ పరీక్షను అవసరమైతే చివరి శస్త్రచికిత్స కూడా చేయగల క్యాన్సర్ కేంద్రంలోనే చేయించాలి. సూది దిగిన మార్గం సరిగా లేకపోతే తరువాత కాలు నిలబెట్టే శస్త్రచికిత్సకు అడ్డంకి అవుతుంది. ముక్కతో పాటు పంపే కాగితం మీద రోగికి పెళుసు ఎముకల వ్యాధి ఉన్న సంగతిని తప్పక రాయించాలి. ఎక్స్‌రే, సీటీ చిత్రాలనూ జత చేయించాలి. ముక్కను చూసే నిపుణుడు, స్కాన్ చదివే నిపుణుడు, ఎముకల వైద్యుడు ముగ్గురూ కలిసి మాట్లాడుకున్న తరువాతనే తీర్పు వెలువడాలి.

భయపడనవసరం లేని ఇతర ఎక్స్‌రే ఆనవాళ్లు

పెళుసు ఎముకల వ్యాధి ఉన్నవారి ఎక్స్‌రేలలో మరికొన్ని వింత ఆకారాలు కనిపించి కలవరపెడతాయి. తీవ్రమైన రకాలలో మోకాలి దగ్గర ఎముక చివరలు పేలాలు చల్లినట్లు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ఎదుగుదల పొర చెదరడం వల్ల ఏర్పడే ఆకారం ఇది, క్యాన్సర్ కాదు. ఎముకల బలానికి పామిడ్రోనేట్, జోలెడ్రోనేట్ వంటి మందులు నరం ద్వారా తీసుకున్న పిల్లల ఎముకల చివర్లలో అడ్డగీతలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో మోతాదుకు ఒక్కో గీత పడుతుంది. అదీ నిరపాయకరమే. ఈ మందులు ఏయే తేదీలలో ఇచ్చారో చెబితే ఎక్స్‌రే చదివేవారికి అనుమానం తీరుతుంది.

కాలస్ అని తేలిన తరువాత

అతివృద్ధి కాలస్‌కు ఖచ్చితంగా పనిచేసే మందు ఇంతవరకు లేదు. విశ్రాంతి, నొప్పి తగ్గించే చికిత్స, ఆ అవయవాన్ని సౌకర్యంగా ఉంచడం ప్రధానం. ఇండోమెథాసిన్ వంటి మందులను కొందరు వైద్యులు వాడి చూశారు. ఫలితం అందరిలో ఒకేలా లేదు. ఎముకల బలానికి ఇచ్చే పై మందులు కాలస్‌ను రాకుండా ఆపుతాయని చెప్పలేము. గడ్డను కోసి తీసివేస్తే మళ్లీ పెరిగే ప్రమాదం ఉన్నందున, తప్పనిసరి అయితే తప్ప పెరుగుతున్న దశలో శస్త్రచికిత్స జోలికి పోరు.

గడ్డ నిరపాయకరమే అయినా దాని ఒత్తిడి ప్రమాదం తేవచ్చు. కాలి వేళ్లు తిమ్మిరెక్కడం, చల్లబడడం, నీలిబారడం, వేళ్లు కదపలేకపోవడం కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మర్దనం, బిగువు కట్టు కూడదు. పుత్తూరు కట్టు పేరు సరిహద్దు పల్లెలన్నింటా సుపరిచితం. ఎముక విరిగితే ముందుగా కట్టు వేసేవారి ఇంటికి వెళ్లడం తరతరాల అలవాటు. మామూలు ఎముకల సంగతి వేరు. పెళుసు ఎముకల బిడ్డకు వేడిగా ఉబ్బిన వాపు మీద నూనె మర్దనం చేసినా, వెదురు బద్దలతో బిగించి కట్టినా కొత్త విరుగుళ్లు, రక్తప్రసరణకు ఆటంకం కలుగుతాయి. వాపు ఉన్న అవయవానికి కట్టు ఏదైనా ఎముకల వైద్యుని సలహా మీదనే వేయించాలి.

వంశపారంపర్యం, మేనరికం

అయిదవ రకం తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. తల్లిదండ్రులు ఇద్దరికీ లేకపోయినా బిడ్డలో కొత్తగా పుట్టవచ్చు. దీనికి మేనరికం కారణం కాదు. అనవసరంగా తల్లిని గాని, మేనమామ సంబంధాన్ని గాని నిందించడం తగదు. అయితే పెళుసు ఎముకల వ్యాధిలో కొన్ని అరుదైన రకాలు ఇద్దరి నుంచీ లోపపు జన్యువు చేరినప్పుడే వస్తాయి. అవి దగ్గరి బంధువుల మధ్య వివాహాలలో ఎక్కువగా కనిపిస్తాయి. కనుక ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవడం తరువాతి కాన్పుకూ, తోబుట్టువుల పెళ్లిళ్లకూ అవసరం.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసినవి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలవారు బెంగళూరుకు, బళ్లారి, రాయచూరు వారు బెంగళూరుకో హైదరాబాదుకో, రాయగడ, బరంపురం వారు విశాఖపట్నానికో కటకానికో, నాందేడ్, గడ్చిరోలి వారు హైదరాబాదుకో నాగపూరుకో, యానాం వారు కాకినాడకో పుదుచ్చేరికో వైద్యానికి వెళ్తుంటారు. బిడ్డ ఎముక తొలిసారి విరిగినది ఒక రాష్ట్రంలో, గడ్డ లేచినది మరొక రాష్ట్రంలో కావచ్చు. రోగి హద్దు దాటినంత తేలికగా కాగితాలు దాటవు. ఈ వ్యాధిలో పాత ఎక్స్‌రే లేకపోవడమే పొరపాటుకు దారి తీయవచ్చు. మూడు వారాల కిందటి చిత్రం పక్కన నేటి చిత్రం పెట్టి చూస్తేనే అంచు గట్టిపడిందా, గోడ తొలిచిందా అన్నది తెలుస్తుంది.

అందుకే ప్రతి విరుగుడుకు సంబంధించిన ఎక్స్‌రేను, డిశ్చార్జి చీటీని, మందుల తేదీలను ఒకే సంచిలో వరుసగా భద్రపరచాలి. ఎక్స్‌రే ఫిల్ములను మడవరాదు. సీడీ ఇస్తే అడిగి తీసుకోవాలి. ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. వ్యాధి పేరు, రకం, జన్యు పరీక్ష ఫలితం ఒక కార్డు మీద స్థానిక భాషలోను, ఆంగ్లంలోను రాయించి బిడ్డ వెంట ఉంచితే, భాష రాని ఆసుపత్రిలో కూడా మొదటి నిమిషంలోనే అసలు సంగతి తెలుస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే విచారించుకోవాలి.

అరుదైన వ్యాధుల కోసం కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన జాతీయ విధానపు జాబితాలో పెళుసు ఎముకల వ్యాధి కూడా ఉంది. ఆ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాలలో హైదరాబాదులోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రంతో కలిసి పనిచేసే నిమ్స్, బెంగళూరులోని మానవ జన్యుశాస్త్ర కేంద్రంతో కలిసి పనిచేసే ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి, ముంబయిలోని కేఈఎం ఆసుపత్రి ఉన్నాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోను జన్యు వైద్య విభాగం ఉంది. క్యాన్సర్ అనుమానం బలంగా ఉంటే హైదరాబాదులోని ఎంఎన్‌జే, బెంగళూరులోని కిద్వాయి, చెన్నై అడయారులోని క్యాన్సర్ సంస్థ, ముంబయిలోని టాటా మెమోరియల్, కటకంలోని ఆచార్య హరిహర సంస్థ వంటి పెద్ద కేంద్రాలను ఆశ్రయించవచ్చు.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు

1. బిడ్డకు ఉన్నది పెళుసు ఎముకల వ్యాధిలో ఏ రకం? అయిదవ రకం కావచ్చునా?

2. రెండు ముంజేతుల ఎక్స్‌రే తీశారా? పొర గట్టిపడినట్లు ఉందా?

3. సీటీ స్కాన్‌లో గడ్డ చుట్టూ ఎముక వలయం కనిపించిందా?

4. ఐఎఫ్ఐటీఎం5 జన్యు పరీక్షకు రక్తం పంపవచ్చునా? ఫలితం ఎన్నాళ్లకు వస్తుంది? అంతవరకు ఆగడంలో ప్రమాదం ఉందా?

5. ముక్క పరీక్ష ఇప్పుడే అవసరమా? అవసరమైతే దానిని చూసే నిపుణునికి వ్యాధి సంగతి తెలిపారా?

6. తదుపరి ఎక్స్‌రే ఏ తేదీన?

ఈ ప్రశ్నలు అడగడం వైద్యుని అవమానించడం కాదు. అరుదైన వ్యాధిలో రోగి కుటుంబం అందించే సమాచారమే వైద్యునికి పెద్ద సాయం. అవయవం తొలగించాలని గాని, క్యాన్సర్ మందులు మొదలుపెట్టాలని గాని చెప్పినప్పుడు, పెళుసు ఎముకల వ్యాధి తెలిసిన మరొక నిపుణుని అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు. ఆ రెండవ అభిప్రాయాన్ని నెలలపాటు సాగదీయకుండా కొద్ది రోజులలోనే తీసుకోవాలి. గడ్డ కాలస్ అయితే ఆ కొద్ది రోజుల వల్ల పోయేదేమీ లేదు, కాలు దక్కుతుంది. క్యాన్సరే అయితే సరైన కేంద్రంలో చికిత్స సకాలంలో మొదలవుతుంది.